సమగ్ర జీవనద్రష్ట రేచర్ల రుద్రుడు

మానవుని అంతశ్చైతన్యము, వ్యక్తి వికాసము, సమాజ శ్రేయస్సు వేరువేరు కావని గత శతాబ్దిలో శ్రీ అరవిందులు సమగ్ర దర్శనంగా ప్రతిపాదించారు. అట్టి దృష్టిని గ్రంథంలో గాక కార్యంలో నిరూపించిన మహనీయుడు ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే మన ఓరుగల్లు సీమలో వెలసినాడు. అతడే కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు.

పన్నెండవ శతాబ్ది చివర కాకతీయ మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరి మరణించాడు. ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ అయినాడు. సామంతులు తలలెత్తారు. సింహాసనం శూన్యము, సైన్యం రుద్రుని చేతిలో ఉన్నది. కోరుకొన్నచో రాజ్యం అతనిదే అయ్యేది. కాని అతడు విద్రోహులను అణచి, 1199 ప్రాంతంలో విడుదలై వచ్చిన గణపతిదేవునికి రాజ్యాన్ని భద్రంగా అప్పగించాడు.

1213లో పాలంపేటలో అతడు ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయమే నేటి రామప్ప గుడి. దాని చెంతనే పెద్ద చెరువును కూడ నిర్మింపజేశాడు. ఆత్మకు ఆలయము, మనస్సుకు నల్లరాతి నాట్యశిల్పము, పొలానికి నీరు — మూడింటినీ ఒక్కచోట కూర్చినాడు.

హైదరాబాదు రాష్ట్ర పురావస్తుశాఖాధిపతి గులాం యజ్దానీ 1922లో ఈ ఆలయాలపై గ్రంథం ప్రకటించారు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

విద్యార్థి సోదరులారా! రాతికన్న గట్టిది రుద్రుని నిగ్రహము. చేతికందిన అధికారాన్ని ధర్మానికి సమర్పించగలిగినవాడే సంపూర్ణ మానవుడు.