జాన్ బకన్ దొరగారు – ఆయన కథలలోని దుష్టుడు

గూఢచారుల కథలనిన విద్యార్థులకు మిక్కిలి ప్రీతి. అట్టి కథలలో నాయకున కెదురుగా నొక మహాదుష్టుడు నిలిచియుండును. అతడు తెరవెనుక నుండి పెక్కుమందిని బొమ్మలవలె నాడించుచు, రాజ్యములను కూలద్రోయ యత్నించుచుండును. అతడు నిజముగా దుష్టుడగుటకు హేతువేమి? చేత తుపాకి యుండుటయా? ముఖమున గాయపుమచ్చ యుండుటయా? పరదేశీయుడగుటయా? ఈ ప్రశ్నకు తన కథలలో మరల మరల జవాబు వెదకిన యొక స్కాట్లండు దేశీయుని చరిత్రమును ఈ సంచికయందు మా చదువరులకు సమర్పించుచున్నాము. ఆయన పేరు జాన్ బకన్.

బకన్‌గారు 1875వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీని పెర్త్ పట్టణమున జన్మించిరి. తండ్రిగారి పేరును జాన్ బకనే. ఆయన స్కాట్లండు ఫ్రీ చర్చి సంఘమున బోధకులు. తల్లి హెలెన్ మాస్టర్టన్, గొఱ్ఱెలమందలు గల రైతుల యింటి యాడుబిడ్డ. కుమారుడు పసివాడుగా నుండగనే కుటుంబము ఫైఫ్ జిల్లాలో కర్కాల్డి చెంతనున్న పాత్‌హెడ్ అను ఊరికి మారెను. అచ్చట నయిదేండ్ల ప్రాయమున బాలుడు బండినుండి క్రిందపడెను. చక్రము తలమీదుగా పోయెను. పుఱ్ఱె చిట్లెను. దాదాపు సంవత్సరకాలము మంచముపట్టి, మరల నడక నేర్చుకొనవలసినవాడయ్యెను. నుదుటి మచ్చ ఆయనకు జీవితాంతము నిలిచియుండెను.

ఆదివారములయందు ఆ యింట వినోదగ్రంథములకు చోటు లేదు. బైబిలును, బనియన్ వ్రాసిన యాత్రికుని ప్రయాణమును ఉండెడివి. మన తెలుగు క్రైస్తవ కుటుంబములకు చిరపరిచితమైన యీ రెండవ గ్రంథము బకన్‌గారికి బాల్యమునుండి తోడైనది. అందు యాత్రికుని కెదురగు శత్రువులందఱును భీకరరూపులు కారు. మర్యాదగా పలుకరించి, దగ్గరిదారి చూపుదుమని చెప్పి, దారి తప్పించు పెద్దమనుష్యులును అందు కలరు. ఆ విత్తనము బాలుని మనస్సున పడి, ముప్పదియేండ్ల పిమ్మట కథలుగా మొలకెత్తెనని మా యభిప్రాయము.

1888లో కుటుంబము గ్లాస్గో నగరమునకు వచ్చెను. తండ్రిగారు పేదలు నివసించు గార్బల్స్ పేటలో సంఘసేవ చేయుచుండిరి. కుమారుడు హచిసన్స్ గ్రామర్ స్కూలులో చదివి, 1892లో గ్లాస్గో విశ్వవిద్యాలయమునను, 1895లో ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కళాశాలయందును ప్రవేశించెను. 1898లో న్యూడిగేట్ కవితాబహుమానము పొందెను. 1899లో ఆక్స్‌ఫర్డు విద్యార్థుల వాదసభకు అధ్యక్షుడయ్యెను. వేసవి సెలవులలో మాత్రము ట్వీడ్ నది ప్రాంతమునందలి బ్రౌటన్ గ్రామమునకు తాతగారింటికి పోయి, కొండలవెంట గొఱ్ఱెలకాపరులతో తిరుగుచుండెను. ఒక ప్రక్క గొఱ్ఱెలకాపరులు, ఒక ప్రక్క మహాపండితులు, ధనికులు, అధికారులు. తీక్ష్ణమైన బుద్ధి యొకటి, మంచితనము వేరొకటి యని కనిపెట్టుట కీ రెండు సావాసములును ఆయనకు తోడ్పడియుండును.

1901లో బకన్‌గారు బారిస్టరు పట్టము పొందిరి. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాకు పోయి, 1903 వఱకు మిల్నర్ ప్రభువు కడ కార్యదర్శులలో నొకరుగా పనిచేసిరి. 1907లో సూసన్ గ్రోవనర్ అను కన్యను వివాహమాడిరి. ఆ కాలముననే థామస్ నెల్సన్ అండ్ సన్స్ అను పుస్తకప్రకటనసంస్థలో చేరిరి. దాని యజమానులలో నొకరైన థామస్ ఆర్థర్ నెల్సన్ ఆయనకు ప్రాణస్నేహితుడు.

1913 డిసెంబరులో బ్లాక్‌వుడ్స్ పత్రికయందు బకన్‌గారి పవర్ హౌస్ అను కథ వెలువడెను. అందలి దుష్టుని పేరు ఆండ్రూ లమ్లీ. అతడు వృద్ధుడు, ధనవంతుడు, గొప్ప గ్రంథాలయము గలవాడు. అతిథులను ఆదరించువాడు. మన నాగరికత యంతయు పలుచని గోడవంటిదనియు, దాని నొకచోట గట్టిగా తాకినచో కూలిపోవుననియు నెమ్మదిగా, ముచ్చటగా వివరించువాడు. లోకమున నక్కడక్కడ చెదరియున్న బుద్ధిమంతులను కూడగట్టి యా గోడను కూల్చుటయే అతని రహస్యవ్యాపారము. అతడు చనిపోయినప్పుడు పత్రికలు పుణ్యపురుషుడు గతించెనని దుఃఖించినవి. నిజమెఱిగినవారు మిక్కిలి కొద్దిమంది. ఆకలిచే దొంగిలించువానిని మనము జాలితో చూడగలము. లమ్లీకి ఆకలి లేదు, పగ లేదు. తనకు బుద్ధి కలదు గనుక నితరుల బ్రదుకులు తన చదరంగమున పావులని యెంచెను. చెడుగునకు బకన్‌గారు చూపిన మొదటి గుర్తు ఇది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. బకన్‌గారు కడుపులో పుండుచే బాధపడుచు, కెంటు తీరమునందలి బ్రాడ్‌స్టేర్స్ గ్రామమున మంచముపట్టియుండిరి. యుద్ధమునకు పోవు శక్తి లేదు. ఆ దినములలో ముప్పదితొమ్మిది మెట్లు అను కథను వ్రాసిరి. అప్పుడే లెక్కలు నేర్చుచున్న ఆయన కూతురు ఆ యూరిలో మెట్లు లెక్కించి ముప్పదితొమ్మిది యని చెప్పుటచే ఆ పేరు పుట్టెనని ఆయన కుమారుడు విలియం తరువాత తెలియజేసెను. ఆ కథ 1915లో బ్లాక్‌వుడ్స్‌లోను, పిమ్మట పుస్తకముగాను వెలువడి, కందకములలోని సైనికులకు సయితము ప్రియమైనది. దానిని బకన్‌గారు నెల్సనుకు అంకితమిచ్చిరి.

ఆ కథానాయకుడు రిచర్డ్ హానే, ఆఫ్రికానుండి తిరిగివచ్చిన గనుల ఇంజనీరు. అతని వసతిలోనే యొక మనుష్యుడు హత్య చేయబడును. హంతకులు, పోలీసులు ఇరువురును తరుముచుండగా హానే స్కాట్లండు కొండలలో దాగుకొనుచు, ఆశ్రయము కోరి యొక సౌమ్యుడైన వృద్ధపండితుని యింట జొచ్చును. తీరా చూడగా ఆ వృద్ధుడే శత్రువుల నాయకుడు. కథాంతమున సముద్రతీరమందొక చిన్న బంగళాలో ముగ్గురు పెద్దమనుష్యులు పేకాడుచుందురు. వారి మాటలు, నవ్వులు, బట్టలు అన్నియు సామాన్యులవే. తాను నిర్దోషులపై నింద మోపుచున్నానేమో యని హానేకు సిగ్గు కలుగును. అంతలో నొకడు తన మోకాలిపై వ్రేళ్లతో తాళము వేయును. ఆ చిన్న అలవాటు చేత మాత్రమే హానే వానిని గుర్తుపట్టును. దుష్టత్వమునకు ప్రత్యేకమైన ముఖము లేదు, పొరుగింటివాని ముఖమే దానికి చాలును. ఇది రెండవ గుర్తు.

ఆరోగ్యము కొంత కుదిరిన పిమ్మట బకన్‌గారు యుద్ధవార్తలు వ్రాయుటకును, గూఢసమాచారశాఖలో పనిచేయుటకును ఫ్రాన్సుకు పోయిరి. 1917లో బ్రిటిషు ప్రభుత్వపు సమాచారశాఖకు అధికారియైరి. కరపత్రములచేత, చిత్రములచేత, చలనచిత్రములచేత స్వదేశీయుల మనస్సులను, పరదేశీయుల మనస్సులను యుద్ధమునకు అనుకూలముగా తిప్పుట ఆ శాఖ పని. ఆ సంవత్సరమే ఏప్రిల్ 9వ తేదీని ఆరాస్ యుద్ధములో ఆయన కడగొట్టు తమ్ముడు అలస్టర్ బకనును, స్నేహితుడు నెల్సనును ఒకే దినమున మరణించిరి.

1919లో మిస్టర్ స్టాండ్‌ఫాస్ట్ అను కథ వెలువడెను. ఆ పేరు యాత్రికుని ప్రయాణమునుండి గైకొన్నదే. అందు శత్రుపక్షపు గూఢచారి యొకడు ఐవరీ యను మాఱుపేరుతో ఇంగ్లండులోని శాంతివాదుల నడుమ నివసించి, శాంతినిగూర్చి మధురముగా నుపన్యసించును. అదే సమాజమున వేక్ అను యువకుడు కలడు. అతడు మనస్సాక్షినిబట్టి తుపాకి పట్టనని నిరాకరించినవాడు. మొదట హానే అతనిని తృణీకరించెను గాని, వేక్ కడపట ఆయుధము పట్టకయే సైన్యమునకు వార్త మోసికొనిపోయి ప్రాణము విడిచెను. ఇరువురును పలికినది శాంతిమాటయే. ఒకడు దానిని నమ్మి బ్రదికెను. రెండవవాడు దానిని ముసుగుగా వాడుకొనెను. యుద్ధకాలమున నొక ప్రభుత్వాధికారి యుద్ధమును నిరాకరించువానికి కథలో నింతటి గౌరవ మిచ్చుట చెప్పుకొనదగిన సంగతి.

1924లో వెలువడిన మువ్వురు బందీలు అను కథయందు బకన్‌గారి దుష్టులందఱిలోను భయంకరుడు కనబడును. వాని పేరు డొమినిక్ మెదీనా. సుందరుడు, కవి, పార్లమెంటు సభ్యుడు, గుఱి తప్పని వేటగాడు. లండను నగరమంతయు వానిని ప్రేమించెను. వాని యనుచరులు ఒక ధనికుని కూతును, ఒక ప్రభువంశపు యువకుని, డేవిడ్ అను పసిబాలుని ఎత్తుకొనిపోయిరి. వారిని గొలుసులతో కట్టలేదు. వశీకరణవిద్యచే వారి మనస్సులను కట్టిరి. తామెవరో, తమ తండ్రి యెవరో వారు మఱచిరి. బాలుని ఆడుపిల్ల వేషమున నుంచగా వాడు తన పేరే యెఱుగని స్థితిలో నుండెను. చంపినవాడు దేహమును తీసికొనును. మెదీనా లోపలి మనుష్యుని తీసికొని, ఆ చోట తన యిష్టమును కూర్చుండబెట్టెను. ఇదియే బకన్‌గారి తుదిజవాబని మేము తలంచుచున్నాము. దైవము ప్రతిమనుష్యునికి వేరువేరుగా నిచ్చిన మనస్సును దొంగిలించి తనకు పనిముట్టుగా చేసికొనుటకంటె గొప్ప చెడుగు లేదు.

వాని యోటమికి హేతువును అందే కలదు. హానే వశమైనట్లు నటించుచుండగా, మనుష్యులు తనకు లొంగుటకే పుట్టినవారని నమ్మిన మెదీనా దానిని గ్రహింపలేకపోయెను. హానే భార్య మేరీ పరుల బిడ్డకొఱకు లండను వీధులు గాలించునని వాడు లెక్కింపలేదు. ప్రేమ వాని లెక్కలలో లేని యంకె. కథాంతమున స్కాట్లండు కొండచఱియపై మెదీనా ప్రాణాపాయమున చిక్కగా, తన్ను చంపవచ్చిన యా శత్రువును రక్షించుటకు హానే త్రాడు పట్టుకొని నిలిచెను. త్రాడు రాతికి ఒరసికొని తెగుటచే మెదీనా పడిపోయెను గాని, హానే చేయి విడువలేదు. మెదీనాకు మనుష్యుడు పనిముట్టు. హానేకు శత్రువు సయితము మనుష్యుడే.

బకన్‌గారి లోపములను దాచుట న్యాయము కాదు. యూదులనుగూర్చియు, ఆఫ్రికా జనులనుగూర్చియు ఆయన పాత్రలు పలుకు మాటలు కొన్ని, కథకుని ధోరణియు గొంత, నేటి చదువరికి ముల్లువలె గ్రుచ్చుకొనును. ముప్పదితొమ్మిది మెట్లలో హతుడైనవాడు లోకమందలి కుట్రల కన్నిటికిని యూదులే మూలమని చెప్పును. అది వాని దురభిమానమని కథలోని వివేకియైన అధికారి త్రోసివేయుట నిజమే. 1930 తరువాత బకన్‌గారు పార్లమెంటులో యూదుల పక్షమున పాటుపడుటయు నిజమే. అయినను ఒక జాతి పేరుతో చెడుగును ముడివేయు వాడుకను ఆయన కలము పూర్తిగా మానలేదు. దుష్టుడు పొరుగువాని ముఖముతోనే యుండునని నేర్పిన గ్రంథకర్త తన పాఠము తానే యప్పుడప్పుడు మఱచెను. మఱియొక సంగతి కలదు. ప్రజల మనస్సులను తిప్పు శాఖను నడపిన మనుష్యుడే, ఏడేండ్ల పిమ్మట, మనస్సులను దొంగిలించువానిని కథలో దుష్టునిగా నిలిపెను. ఆ పని యెంత ప్రమాదకరమో ఆయన పుస్తకములలో చదివి తెలిసికొన్నవారు కారు.

1927 మొదలు 1935 వఱకు బకన్‌గారు స్కాట్లండు విశ్వవిద్యాలయముల పక్షమున పార్లమెంటు సభ్యులుగా నుండిరి. 1935లో ట్వీడ్స్‌మ్యూర్ ప్రభువను బిరుదుతో కెనడాదేశమునకు గవర్నరు జనరలుగా నియమింపబడిరి. 1937లో ఉత్తరధ్రువప్రాంతపు గ్రామముల వఱకు పర్యటించిరి. 1939 సెప్టెంబరు 10వ తేదీని కెనడా జర్మనీపై యుద్ధము ప్రకటించినప్పుడు ఆ దేశమున రాజప్రతినిధి ఆయనయే. ఒక జనమునకు జనమే తన మనస్సును ఒక నాయకునికి అప్పగించినయెడల కలుగు ఫలమును కథలో గాక లోకముననే చూచిరి. 1940 ఫిబ్రవరి 11వ తేదీని, 64వ యేట, మాంట్రియల్ నగరమున మరణించిరి. ఆయన భస్మము ఇంగ్లండునకు తేబడి, ఆయన నివసించిన ఎల్స్‌ఫీల్డు గ్రామపు దేవాలయపు ఆవరణమున నుంచబడెను.

విద్యార్థులారా, మీలో కొందఱకు చుఱుకైన బుద్ధియు, కొందఱకు చక్కని మాటనేర్పును కలవు. తోటివారు మీ వెంట వచ్చుదురు. అట్లు వచ్చినవారిని మీరు స్నేహితులుగా చూతురో, పావులుగా వాడుకొందురో, ఆటస్థలమునందే తేలిపోవును. తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును బోధకులకును గూడ మేము విన్నవించున దొకటి కలదు. పసివాని మనస్సు మన చేతికి వచ్చియున్నది. దానిని తిప్పుటకు మనకు శక్తి కలదు. మనము నేర్పినది విని, ఆలోచించి, వలదని చెప్పగల ధైర్యము బిడ్డకు మిగిలియున్నచో మన పని విద్య యగును. ఆ ధైర్యము మిగులకుండ చేసితిమేని, మన యుద్దేశ మెంత మంచిదైనను, డేవిడ్ అను ఆ బాలుని తన పేరు మఱపించినవాని పనికి అది సమీపముగా నుండును.