బందరు డాక్టరుగారు బీమా కంపెనీ పెట్టిన కథ

తల్లాడ సెంటర్‌లో నిలబడితే బస్సులు మూడు దిక్కులకు పోతుంటాయి. వైరా మీదుగా ఖమ్మం, కల్లూరు మీదుగా సత్తుపల్లి, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం. ఆ కొత్తగూడెం దారినే ఇంకా ముందుకు పోతే భద్రాచలం అడవులు. జ్వరమొస్తే ఊళ్లోనే చూపించుకుంటారు. గుండె పట్టేసినట్టుంటే మాత్రం కారు ఖమ్మం వైపు తిప్పాల్సిందే. అక్కడ కూడా కాదంటే విజయవాడో, హైదరాబాదో.

మా అక్కయ్య, బావగారు ఉండేది ఈ ఊళ్లోనే. బావగారికి 58 ఏళ్లు, ఎరువుల దుకాణం, పదేళ్లుగా షుగరు. ఆహార భద్రత కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేదు. ప్రభుత్వ ఉద్యోగం కాదు, సింగరేణి కూడా కాదు. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. బావగారు ఆ వయసుకు చేరడానికి ఇంకా పన్నెండేళ్లుంది. ఉన్న ఒక్క పాలసీ కూడా రెండేళ్ల కిందట అబ్బాయి పెళ్లి హడావుడిలో గడువు దాటిపోయింది. తప్పు ఎవరిదీ కాదు, ఆయనదే. ఇప్పుడు ఏది తీసుకోవాలో చెప్పమని నన్ను కూర్చోబెట్టారు.

బీరువాలోంచి పాత కాగితాలు తీస్తుంటే ఓ ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ కింద పడింది. ఈ బ్యాంకు పెట్టింది ఓ డాక్టరండీ బావగారూ అన్నాను. నమ్మలేదు. ఆ డాక్టరే రెండేళ్లు తిరక్కుండా బీమా కంపెనీ కూడా పెట్టారంటే, ఇక పాలసీ సంగతి వదిలేసి ఆయన కథ చెప్పమన్నారు. ఈ వారం మీకూ ఆ కథే.

స్టెతస్కోపు పదేళ్లు

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పుడది ఏలూరు జిల్లా. తండ్రి చిన్నతనంలోనే పోయారు. సంపాదించే మనిషి పోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఆయన ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు. ఇబ్బందుల్లోనే ఏలూరులో బడి చదువు, బందరు నోబుల్ కాలేజీ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. సాగాయి. తర్వాత వైద్యవిద్య చదివి ఎం.బి.సి.ఎం. పట్టా పుచ్చుకుని బందరు వచ్చి ప్రాక్టీసు పెట్టారు.

అప్పటి వైద్యం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. పెన్సిలిన్ లేదు. ఇన్సులిన్ వచ్చింది 1921-22లో. కలరా వచ్చినా, క్షయ పట్టినా డాక్టరు చేయగలిగింది కొంతే. అందుకే ఆసుపత్రి బిల్లు ఇల్లు అమ్ముకునేంత అయ్యేది కాదు. ఇంటిని కూల్చేది జబ్బు ఖర్చు కన్నా, జబ్బు వల్ల ఆగిపోయిన సంపాదన, ఆ మనిషి చావు. ఈ ముక్క గుర్తుంచుకోండి, ముందుముందు మనకు పనికొస్తుంది.

ప్రాక్టీసు చేస్తూనే ఆయన ఊరి పనుల్లోకి దిగారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో పాలుపంచుకున్నారు. 1916 నాటికి స్టెతస్కోపు పక్కన పెట్టేశారు. మధ్యతరగతి ఇళ్లలో డాక్టరు కొడుకు ప్రాక్టీసు మానేస్తానంటే ఈ రోజుకీ ఎంత రభస జరుగుతుందో మీకు తెలుసు. తర్వాత 1919 నుంచి పదేళ్లకు పైగా జన్మభూమి అనే ఇంగ్లిషు వారపత్రిక నడిపారు.

లక్ష రూపాయలతో మొదలు

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. ఎనిమిది రోజుల తర్వాత, 28న, బందరులో తలుపులు తెరిచింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. 1935లో హిందూస్తాన్ ఐడియల్ అని మరో బీమా కంపెనీ. మధ్యలో వడియమన్నాడు భూమి తనఖా బ్యాంకు, భారతలక్ష్మి బ్యాంకు కూడా ఉన్నాయి. ఓ రేవు పట్టణంలో కూర్చుని ఒక డాక్టరు ఇన్ని డబ్బు సంస్థలు పెట్టడం విచిత్రంగానే ఉంటుంది.

ఆ రోజుల్లో బీమా అంటే జీవిత బీమాయే. మొదట్లో విదేశీ కంపెనీలు భారతీయుల ప్రాణాలను ఎక్కువ ప్రమాదంగా లెక్కగట్టి, తెల్లవారికన్నా ఎక్కువ ప్రీమియం వసూలు చేసేవి. స్వదేశీ ఉద్యమంతో మన కంపెనీలు ఒక్కొక్కటే పుట్టాయి. తెలుగునాట ఆ వరసలో ముందు నిలబడింది బందరు కంపెనీ.

ఆయన పట్టుబట్టిన విషయం ఒకటి నాకు చాలా ఇష్టం. ఇంగ్లిషులో కాంగ్రెసు చరిత్రే రాసిన మనిషి, తన సంస్థల వ్యవహారాలు మాత్రం తెలుగులో నడవాలనేవారు. డబ్బు కట్టేవాడికి తాను దేనికి కడుతున్నాడో తెలియాలి కదా.

ఇక్కడ బావగారు తన పాత పాలసీ తీసి చూపించారు. ముప్పై పేజీల పైన ఉంది, అంతా ఇంగ్లిషు, అంతా సన్న అక్షరాలు. ఎప్పుడైనా చదివారా అంటే నవ్వారు. మనలో చాలామంది చేసేదీ అదే. కానీ 2024 జనవరి 1 నుంచి ప్రతి ఆరోగ్య పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే చిన్న పత్రం కొత్త రూపంలో ఇస్తున్నారు. ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు, ఎన్నాళ్లు ఆగాలి, మన వాటా ఎంత, ఫిర్యాదు ఎవరికి అన్నవి అందులో క్లుప్తంగా ఉంటాయి. మీరు కోరితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలి. అడగాలని మనకు తెలియదు, అంతే.

గెలుపు, ఓటమి, జైలు

పట్టాభిగారిని మన పిల్లలు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఒకే ఒక్క సంగతికి చదువుకుంటారు. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ మద్దతుతో నిలబడి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయారు. 1948లో జైపూరు సమావేశాలకు అధ్యక్షుడిగా గెలిచిన సంగతి అంతగా గుర్తుండదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. క్విట్ ఇండియా రోజుల్లో 1942 నుంచి దాదాపు మూడేళ్లు నెహ్రూ, పటేల్ వంటి వారితో అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నారు. ఆయన లోపలున్నా బ్యాంకు, బీమా కంపెనీ బయట నడుస్తూనే ఉన్నాయి. ఒక మనిషి మీద ఆధారపడని ఏర్పాటు అంటే అదే.

1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. ఆ మధ్యలోనే, 1956లో, దేశంలోని జీవిత బీమా కంపెనీలన్నిటినీ ప్రభుత్వం తీసుకుంది. దేశీ కంపెనీలు, విదేశీ కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి 245. సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ పుట్టింది. బందరులో పుట్టిన జీవిత బీమా వ్యాపారం కూడా అందులో కలిసిపోయింది. ఇప్పటికీ మచిలీపట్నంలో ఎల్‌ఐసీ డివిజనల్ కార్యాలయం ఉంది. అంత చిన్న ఊళ్లో అంత పెద్ద ఆఫీసు ఊరికే రాలేదని నా అనుకోలు. 1959 డిసెంబరు 17న పట్టాభిగారు కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది.

ఆయన చూడని బిల్లు

పట్టాభిగారి కంపెనీ ఆసుపత్రి ఖర్చులిచ్చే కంపెనీ కాదు. మెడిక్లెయిమ్ పాలసీ మన దేశంలో మొదలైందే 1986లో, ఆయన పోయిన 27 ఏళ్లకు. ఇందాక గుర్తుంచుకోమన్న ముక్క ఇక్కడికొస్తుంది. ఆ రోజుల్లో మనిషి పోతే ఇల్లు కూలేది. ఇప్పుడు స్టెంటు, డయాలసిస్, ఐసీయూ వచ్చాయి, మనిషి బతుకుతున్నాడు. బతికినందుకు వచ్చే బిల్లే ఇంటిని కుదిపేస్తోంది. వందమంది కొంచెం కొంచెం వేసి, అవసరపడ్డవాడికి ఇవ్వడమనే సూత్రం మారలేదు. దేనికి బీమా చేసుకోవాలన్నదే మారింది. ఎల్‌ఐసీ పాలసీ ఉంది కదా అని బావగారు ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నది అందుకే. అది ఆయన పోయాక అక్కయ్యకు అక్కరకొచ్చేది. ఆసుపత్రి మంచం మీద ఉండగా కాదు.

సరే, 58 ఏళ్ల షుగరు మనిషికి ఎవరైనా పాలసీ ఇస్తారా? ఇస్తారు. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వనక్కర్లేదన్న పాత పరిమితిని 2024 ఏప్రిల్‌లో ఐఆర్‌డీఏఐ ఎత్తేసింది. ముందే ఉన్న జబ్బులకు ఆగాల్సిన గరిష్ఠ గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. అసలు లెక్క ఇక్కడే ఉంది. ఇవాళ తీసుకుంటే 61 నాటికి షుగరు వల్ల వచ్చే చికిత్సలకూ పాలసీ పనిచేస్తుంది. ఇంకో నాలుగేళ్లు చూద్దామనుకుంటే 65 వరకు ఆగాలి. రెండేళ్ల కిందట ఆ పాలసీని వదిలేయకపోతే, అప్పటిదాకా గడిచిన కాలమంతా లెక్కలోకి వచ్చేది. గడువు తేదీ దాటాక ఏడాది పాలసీకి 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, అదీ దాటితే మళ్లీ మొదటికే.

షుగరు సంగతి రాయొద్దని, రాస్తే ప్రీమియం పెరుగుతుందని బావగారికి ఓ శ్రేయోభిలాషి చెప్పాడట. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు క్లెయిమ్ రోజున కనపడరు. దాచిన జబ్బు బయటపడితే డబ్బు రాదు, పాలసీ కూడా పోవచ్చు. అయిదేళ్లు ఆగకుండా నడిచిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో ప్రశ్నించలేరు. కానీ ఆ అయిదేళ్లూ గుండె చేత్తో పట్టుకుని బతకడమెందుకు? రాసేయండి. హెచ్‌బీఏ1సీ రిపోర్టు కూడా జత చేయండి.

చౌకగా కావాలంటే దేన్ని వదులుకుంటున్నామో చూసుకోవాలి. గది అద్దె రోజుకు 5,000 మించకూడదన్న పాలసీ ఉందనుకుందాం. మీరు 10,000 గదిలో చేరితే నష్టం ఆ 5,000 తేడా ఒక్కటే అనుకుంటారు. కాదు. డాక్టరు ఫీజు, థియేటరు, నర్సింగు వంటివి కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి కోస్తారు. ఆ పద్దు 1,60,000 అయితే 80,000 మన జేబులోంచే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. గది పరిమితి లేని పాలసీకి కాస్త ఎక్కువ కట్టినా నష్టం లేదు. అది కుదరకపోతే పరిమితిలోని గదిలోనే చేరతానని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

తల్లాడ లాంటి చోట ఉండేవారికి ఇంకోటి. కొన్ని పాలసీల్లో ఊరిని బట్టి ప్రీమియం మారుతుంది. చిన్న ఊరి ధరకు తీసుకుని హైదరాబాదులో చేరితే బిల్లులో కొంత శాతం మనమే భరించాలనే షరతు ఉండొచ్చు. పెద్ద ఆపరేషన్‌కు ఇక్కడివాళ్లు వెళ్లేదే హైదరాబాదుకు! ఆ షరతు ఉందో లేదో అడిగాకే సంతకం పెట్టండి. నగదు రహిత ఆసుపత్రుల జాబితాలో ఖమ్మంవి, విజయవాడవి ఏవున్నాయో కూడా చూసుకోండి. ఆసుపత్రి పేరు జాబితాలో ఉంటే చాలదు, అక్కడి బీమా కౌంటర్‌కు ఓసారి ఫోన్ చేసి కనుక్కోవాలి.

భార్యాభర్తలిద్దరికీ కలిపి తీసుకుంటే ప్రీమియాన్ని సాధారణంగా పెద్దవారి వయసును బట్టి లెక్కిస్తారు. అక్కయ్యకు 51, ఏ జబ్బూ లేదు. ఇద్దరికీ విడివిడిగా ధరలు తెప్పించి పోల్చాం. విడిగానే మేలనిపించింది, అందరికీ అలాగే ఉండాలని లేదు. ఒక్కొక్కరికి 5 లక్షల పాలసీ, దాని మీద 5 లక్షలు దాటిన ఖర్చు భరించే సూపర్ టాప్ అప్. నేరుగా 15 లక్షల పాలసీ కన్నా ఇది తక్కువలో వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్‌టీ లేదు. 30,000 ప్రీమియం మీద గతంలో 5,400 పన్నే ఉండేది. 60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ఐఆర్‌డీఏఐని ముందు సంప్రదించాలన్న నిబంధన 2025 జనవరిలో వచ్చింది. ఇంకో రెండేళ్లలో బావగారికి అదీ పనికొస్తుంది.

దరఖాస్తు నింపుతున్నప్పుడు షుగరు దగ్గర ఆయన కలం కాసేపు ఆగింది. అక్కయ్య పక్కనే నిలబడి చూస్తోంది. పదేళ్లు అని రాశారు, మాత్రల పేర్లూ రాశారు. వివరాల పత్రం తెలుగులో కావాలని కింద ఒక వాక్యం చేర్చారు. గడువు తేదీని దుకాణంలో గోడ క్యాలెండర్ మీద, ఎరువుల కంపెనీ బొమ్మ పక్కనే, ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టారు. పాత పాస్‌బుక్‌ను మాత్రం చిత్తుకాగితాల్లో వేయనివ్వలేదు, తిరిగి బీరువాలోనే పెట్టారు.