మూగచిత్రాల సాహసి - రఘుపతి వెంకయ్య

చలనచిత్రం మాట నేర్వని తొలినాళ్లలోనే సాహసగాథలు తెరకెక్కాయి. జూల్స్ వెర్న్ రచించిన సముద్రగర్భ యాత్రా నవలను 1916లో అమెరికావారు మూగచిత్రంగా నిర్మించి, నీటి అడుగున తీసిన దృశ్యాలతో చూపరులను అబ్బురపరిచారు. ఆ కాలంలోనే పాశ్చాత్య సాహసకథా చిత్రాలను మద్రాసు ప్రేక్షకులకు చూపి, పిదప మన కథలను మనమే తెరకెక్కించాలని సంకల్పించిన తెలుగువాడు రఘుపతి వెంకయ్య.

వెంకయ్య 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించాడు. యౌవనంలోనే మద్రాసు చేరి, ఛాయాచిత్రకారుడుగా పేరు పొందాడు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని గురించి విన్నాడు. తెరపై బొమ్మ కదులుతుండగా గ్రామఫోను పలక నుండి ధ్వనిని వినిపించే యంత్రమది. తన స్టూడియోను తాకట్టు పెట్టి దానిని తెప్పించాడు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చి, ఆపై సింహళం, బర్మా దేశాలలో సైతం పర్యటించాడు.

తిరిగివచ్చి 1914 నాటికి మద్రాసులో గెయిటీ థియేటరును నిర్మించాడు. ఆ నగరంలో భారతీయుడు కట్టించిన తొలి సినిమాశాల అది. తరువాత క్రౌన్, గ్లోబు థియేటర్లు వెలిశాయి. మిలియన్ డాలర్ మిస్టరీ, బ్రోకెన్ కాయిన్ వంటి విదేశీ సాహస ధారావాహిక చిత్రాలను ఆయన ప్రదర్శించాడు. మాటలు లేకున్నా వాటిలోని ఉత్కంఠ భాష తెలియని ప్రేక్షకులను సైతం కట్టిపడేసేది.

అయితే పరుల చిత్రాలను ప్రదర్శించడంతో ఆయన తృప్తి చెందలేదు. కుమారుడు ప్రకాశ్‌ను లండన్‌కు పంపి చిత్రనిర్మాణంలో శిక్షణ ఇప్పించాడు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించాడు. 1921లో ప్రకాశ్ దర్శకత్వంలో భీష్మప్రతిజ్ఞ అనే మూగచిత్రం వెలువడింది. విదేశీ నవలల స్థానంలో మన ఇతిహాసం నిలిచింది. కథ ముందే తెలిసిన ప్రేక్షకులకు సంభాషణలు లేని లోటు అంతగా తోచదు. గజేంద్రమోక్షం వంటి పురాణ చిత్రాలు దాని వెంట వచ్చాయి. సి.పుల్లయ్య, వై.వి.రావు వంటి భావి దర్శకులకు ఈ సంస్థ తొలి పాఠశాల అయింది.

కాని చిత్రనిర్మాణం వ్యయప్రయాసలతో కూడినది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టగా, కష్టించి సంపాదించిన ఆస్తులు క్రమంగా చేజారిపోయాయి. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలయ్యేనాటికి ఆయన వైభవం గతించింది. 1941 మార్చి 15న ఆయన కన్నుమూశాడు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేర పురస్కారాన్ని నెలకొల్పి, చలనచిత్ర రంగానికి జీవితాన్ని అర్పించిన వారిని గౌరవించింది. తెలుగు సినిమా పితామహుడుగా ఆయన కీర్తి చిరస్థాయిగా నిలిచింది. తెరపై వీరుల సాహసాలకు చివర విజయం తప్పక లభిస్తుంది. వెంకయ్య చేసిన సాహసానికి ఫలం మాత్రం తరువాతి తరాలకు దక్కింది.