శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే

కోతల కాలమున కొడవలి తగిలి వ్రేలు తెగినచో గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండుట, పసుపు అద్దుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న అలవాటు. ఇట్టి మందులు ప్రతి దేశమునందును కలవు. అయితే వానిలో ఏది మేలు చేయునో, ఏది కీడు చేయునో తెలిసికొనుటకు ప్రక్కప్రక్కన ప్రయోగించి కన్నులార చూడవలెనని 16వ శతాబ్దమున ఆచరించి చూపిన మహనీయుడు ఫ్రాన్సు దేశస్థుడగు ఆంబ్రోయిజ్ పారే.

పారే సుమారు 1510వ సంవత్సరమున లవాల్ పట్టణ సమీపమున సామాన్య కుటుంబమున జన్మించెను. ఆ కాలమున అచటి వైద్యులు లాటిను గ్రంథములు చదివి మందులు చెప్పువారే గాని కత్తి పట్టువారు కారు. కురుపులు కోయుట, గాయములు కట్టుట క్షురకుల పని. మన గ్రామములందును పూర్వము క్షురకులే ఈ సేవ చేయుచుండిరి. పారే ఆ వృత్తిలోనే శిష్యరికము చేసెను. పిదప పారిస్ నగరమున హోతెల్ ద్యూ అను ధర్మవైద్యశాలలో సుమారు మూడేండ్లు రోగుల మంచముల చెంత నిలిచి అనుభవము గడించెను. లాటిను భాష మాత్రము ఆయనకు అబ్బలేదు.

1536-37 సంవత్సరములలో ఫ్రెంచి సేన ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతముపై దండెత్తగా, పారే సేనాధిపతి మోంతెజాన్ వెంట శస్త్రవైద్యుడుగా వెళ్లెను. తుపాకి గాయములను ఆయన చూచుట అదియే మొదటిసారి. తుపాకిమందు విషమనియు, ఆ విషము చచ్చుటకు ఎల్డర్ చెట్టు నూనెను సలసల కాచి గాయములో పోయవలెననియు నాటి పెద్దల గ్రంథములు శాసించుచుండెను. తక్కిన వైద్యులు అట్లే చేయుచుండగా పారే కూడ వారిని అనుసరించెను. క్షతగాత్రులు పెక్కుమంది యగుటచే నూనె అయిపోయెను. చేయునది లేక ఆయన గ్రుడ్డు పచ్చసొన, గులాబి నూనె, సరళవృక్షపు జిగురగు టర్పెంటైను కలిపి మిగిలినవారి గాయములకు చల్లగా పట్టించెను.

ఆ రాత్రి పారేకు నిద్ర పట్టలేదు. కాగిన నూనె పోయనందున ఆ సైనికులు తెల్లవారుసరికి విషమెక్కి మరణించియుందురేమోయను భయము ఆయనను పీడించెను. వేకువనే లేచి పరుగున వెళ్లి చూడగా, లేపనము పెట్టినవారు నొప్పి అంతగా లేక, వాపు లేక రాత్రి నెమ్మదిగా నిద్రించియుండిరి. నూనె పోయబడినవారు జ్వరముతో, తీవ్రమగు బాధతో, గాయముల చుట్టును వాపుతో మూలుగుచుండిరి. ఇక మీదట ఏ అభాగ్యుని గాయమును ఇట్లు కాల్చనని ఆయన నిశ్చయించుకొనెను. తుపాకిమందు విషము కాదని నేడు మనకు తెలియును. కాగిన నూనె బ్రతికియున్న కండను చంపుటయే ఆ కీడునకు కారణము. లేపనము చేసిన మేలులో పెద్ద భాగము గాయమును కాల్చకుండుటయే.

ఆ రోజులలోనే మోంతెజాన్ వంటశాలలోని కుఱ్ఱవాడొకడు మరుగుచున్న నూనెలో పడెను. మందు కొఱకు పారే వెళ్లగా, ఒక పల్లెటూరి ముసలమ్మ నీరుల్లిని కొంచెము ఉప్పుతో నూరి పట్టించుమని చెప్పెను. చదువురాని స్త్రీ మాటయని ఆయన త్రోసివేయలేదు; అట్లని గ్రుడ్డిగా నమ్మనులేదు. కాలిన చోట కొంత భాగమునకు ఉల్లిని, మిగిలిన భాగమునకు వాడుక మందును పెట్టెను. మరునాడు ఉల్లి పెట్టినచోట బొబ్బలు లేకుండెను, తక్కినచోట బొబ్బలెక్కెను. అయినను నేటి వైద్యులు కాలిన గాయమునకు ఉల్లిని ఉపయోగించుమని చెప్పరు. వెంటనే చల్లని శుభ్రమగు నీటిని ధారగా పోయుమందురు. ఇచట గ్రహింపవలసినది ఉల్లి మహిమ కాదు, పోల్చి చూచిన వివేకము.

ట్యూరిన్‌లో ఒక శస్త్రవైద్యుడు తన గాయతైలమును పరమ రహస్యముగా దాచుకొనెను. పారే రెండేండ్లు ఆయనను ఆశ్రయించి దాని తయారీని తెలిసికొనెను. లిల్లీ పూల నూనె, టర్పెంటైనులతోపాటు కుక్కపిల్లలు, వానపాములు కూడ అందు చేరినవి. నేటి విజ్ఞానమునకు అది నిలువదు. పారే సైతము తన కాలపు మనిషియే. కాని అంత శ్రమపడి సంపాదించిన రహస్యమును ఆయన దాచుకొనక పుస్తకమున ప్రకటించెను.

1545లో ఆయన తుపాకి గాయముల చికిత్సపై గ్రంథమును లాటినులో గాక తన మాతృభాషయగు ఫ్రెంచిలో వెలువరించెను. 1552లో డాంవిల్లెర్ ముట్టడిలో, కాలు తీసివేసిన పిమ్మట రక్తము నిలుచుటకు ఎఱ్ఱగా కాల్చిన ఇనుమునకు బదులు రక్తనాళములను దారముతో కట్టెను. 1554లో పారిస్ శస్త్రవైద్యుల సంఘము ఆయనను సభ్యునిగా స్వీకరించెను. రెండవ హెన్రీ మొదలు మూడవ హెన్రీ వరకు నలుగురు రాజుల కొలువున పనిచేసెను. 1575లో ఆయన సమగ్ర గ్రంథావళి వెలువడినప్పుడు పారిస్ వైద్య విద్యాపీఠము దానిని అడ్డుకొనజూచెను. అయినను గ్రంథము నిలిచి పలుమార్లు ముద్రితమయ్యెను.

గాయమునకు కట్టు కట్టుట మాత్రమే తన పనియనియు, మాన్పువాడు దేవుడేయనియు చెప్పుకొనిన ఆ వినయశీలి 1590 డిసెంబరు 20న పారిస్‌లో కన్నుమూసెను. పండితుల భాష రానివారికిని విద్య అందవలెనను తలంపుతో ఆయన వ్రాసిన పుస్తకములు, పేరులేని పల్లె శస్త్రవైద్యుల చేతులకు చేరి, ఎందరో క్షతగాత్రులను కాగిన నూనె బాధనుండి తప్పించినవి. అందరికిని అర్థమగు భాషలో ఒక మంచి పుస్తకము చేయగల మేలు ఇంతటిది.