శ్రీరంగపట్నం కూలాక వచ్చాడు.. 24 ఏళ్లు కదల్లేదు! ఈ 'దొడ్డ స్వామి' కథలో మన సీమ వాటా కూడా ఉంది

మైసూరు టూర్‌కి వెళ్లే మనవాళ్లు శ్రీరంగపట్నంలో ఆగకుండా రారు. టిప్పు సమాధి గుంబజ్ చూస్తారు, సంగమంలో స్నానం చేస్తారు. అటువైపే గంజాంలో ఓ పాత చర్చి ఉంది. అబే డ్యుబ్వా చర్చి అంటారు. టూరిస్టు బస్సులు అక్కడ పెద్దగా ఆగవు. ఇంతకీ ఎవరీ డ్యుబ్వా? (ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి డుబోయిస్ అనేస్తాం కానీ ఫ్రెంచ్‌లో పలికేది డ్యుబ్వా. అబే అంటే మనం ఫాదర్ అన్నట్టు.)

ముందు ఆ కాలం యుద్ధాల సంగతి చూద్దాం. అవి పక్క రాష్ట్రం గొడవలు అనుకుంటే పొరపాటే. 1779లో హైదర్ అలీ కడపను పట్టుకున్నాడు. సిద్ధవటంలో చిక్కిన కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను బందీగా శ్రీరంగపట్నం పంపించాడు. 1792లో కడప నిజాం చేతికి వెళ్లింది. 1800లో నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చిందే. కర్నూలు నవాబు మాత్రం కంపెనీకి కప్పం కడుతూ 1839 దాకా నెట్టుకొచ్చాడు. ఇరవై ఏళ్లలో మూడు జెండాలన్నమాట! జెండా ఎవరిదైనా గడ్డివాములు, ఎద్దులు పోయింది మాత్రం ఊరివాళ్లవే.

జాన్ ఆంత్వాన్ డ్యుబ్వా 1766లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓ పల్లెలో పుట్టాడు. 1792లో ఫాదర్ అయ్యాడు, అదే ఏడాది ఇండియా ఓడెక్కాడు. అప్పటికి ఫ్రాన్స్‌లో విప్లవం మంటలు లేచి ఉన్నాయి. ఆ మరుసటి ఏడాదే పాండిచ్చేరిని ఇంగ్లిష్ వాళ్లు పట్టేసుకున్నారు. అంటే శత్రుదేశపు మనిషిగా శత్రువుల పాలనలో బతకాలి. ఆయన ఊళ్ల బాట పట్టాడు. తెల్ల అంగీ, తలపాగా, చేతిలో కర్ర.. థామస్ హికీ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలో ఇలాగే కనిపిస్తాడు. తిండీ, కట్టూ, కూర్చునే తీరూ అన్నీ ఇక్కడి వాళ్లలాగే మార్చుకున్నాడు. జనం ఆయన్ని దొడ్డ స్వామి అని పిలిచేవాళ్లు. పెద్ద సాములోరు అన్నమాట.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు చనిపోయాడు. ఆ కోట చుట్టూ మిగిలినవాళ్లలో మంగళూరు తీరం నుంచి 1784లో పట్టి తెచ్చిన కొంకణి కేథలిక్ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ వాళ్లకి సాయం చేశారన్న అనుమానంతో టిప్పు వాళ్లని బందీలుగా తెచ్చాడు. చాలామందిని బలవంతంగా మతం మార్చారు. వీళ్లు మొత్తం 60 వేల మంది అని డ్యుబ్వా లెక్క. అంతమంది లేరనే చరిత్రకారులూ ఉన్నారు. ఎంతమందైనా, పదిహేనేళ్ల తర్వాత బతికున్నవాళ్లకి ఊరూ లేదు, గుడీ లేదు. వాళ్ల మధ్యకే డ్యుబ్వాను పంపారు. పంపమని సిఫారసు చేసింది ఎవరో తెలుసా? తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్! అప్పటికి కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీ.

సైన్యం ముందుకు పోయింది. డ్యుబ్వా మాత్రం మైసూరు వైపే ఉండిపోయాడు. చెల్లాచెదురైన జనాన్ని మళ్లీ కలుపుకురావడం ఆయన పని. కూడు లేనివాళ్లకి ప్రార్థన ఒక్కటే సరిపోదుగా.. హాసన్ దగ్గర సత్తిహళ్లిలో పేద క్రైస్తవులకి సాగు భూమి చూపించి ఓ కాలనీ పెట్టాడు. నీళ్లలో మునిగే శెట్టిహళ్లి చర్చి రీల్స్ మీరు చూసే ఉంటారు. అదీ హాసన్ జిల్లానే. అయితే అది డ్యుబ్వా కట్టింది కాదు, ఆయన పోయిన తర్వాతిది.

ఆ వెంటనే మశూచి. మన దేశంలో మొదటి టీకా 1802 జూన్‌లో బొంబాయిలో పడింది. ఒకరి చేతి పొక్కులోంచి తీసి ఇంకొకరికి వేసే పద్ధతి. ఎవరి పొక్కు ఎవరికి అంటూ కులం, భయం అన్నీ అడ్డొస్తాయి. అయినా 1803-04లో డ్యుబ్వా చొరవతో 25,432 మందికి టీకాలు పడ్డాయని రికార్డు. మన కొవిడ్ వ్యాక్సిన్ క్యూలు గుర్తున్నవాళ్లకి ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇక ఆయనకి ప్రపంచమంతా పేరు తెచ్చింది హిందువుల ఆచారాల మీద పుస్తకం. ఆ రాతప్రతిని 1807లో మద్రాస్ గవర్నర్ బెంటింక్ కంపెనీ తరఫున 2 వేల వరహాలకి కొన్నాడు. 1816లో లండన్‌లో అచ్చయింది. కంపెనీ అధికారులకి అది గైడ్‌బుక్ అయిపోయింది. అందులో మనవాళ్ల మీద చులకన మాటలు చాలానే ఉన్నాయి. కులాన్ని వెనకేసుకొచ్చిన పేజీలూ ఉన్నాయి.

అసలు ట్విస్ట్ 1987లో బయటపడింది. సిల్వియా మ్యూర్ అనే ఫ్రెంచ్ పరిశోధకురాలు పాత రాతప్రతులు పోల్చి చూసింది. ఆ పుస్తకంలో చాలా భాగం అంతకుముందే ఇంకో ఫాదర్ రాసి పెట్టింది! ఆయన గాస్తోన్ కేర్డూ. 1732లో వచ్చిన జెసూట్. ఉమ్మడి అనంతపురం జిల్లా వైపు కృష్ణాపురం మిషన్‌లో పనిచేశాడు. తెలుగు నేర్చాడు, తెలుగు-ఫ్రెంచ్-సంస్కృత నిఘంటువు తయారుచేశాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకీ ఇంత పోలిక ఎందుకని 1767లోనే పారిస్ పండితులకి లేఖ రాశాడు. ఈ మాటకి పేరొచ్చింది మాత్రం 1786లో విలియం జోన్స్‌కి. కేర్డూ 1779లో పాండిచ్చేరిలో చనిపోయాడు. సీమలో విన్నదీ చూసిందీ ఆయన రాసుకుంటే, పుస్తకం మీద పేరు ఇంకొకరిది.

నా మటుకు, టీకాల డ్యుబ్వా మీద గౌరవం అలాగే ఉంది. పుస్తకం డ్యుబ్వా మీద కొంచెం తగ్గింది.

ఇంకో సంగతి. మతమార్పిడి విషయంలో తన శ్రమ ఫలించలేదని, హిందువులు మారతారన్న ఆశే లేదని ఆయనే బాహాటంగా రాసి 1823లో అచ్చేయించాడు. లండన్‌లో మిగతా మిషనరీలు భగ్గుమన్నారు. అదే ఏడాది జనవరిలో ఇండియా వదిలి వెళ్లాడు. కంపెనీ పెన్షన్ ఇచ్చింది. పారిస్‌లో తన మిషనరీ సంస్థకి పెద్దగా పనిచేసి 1848 ఫిబ్రవరి 17న కన్నుమూశాడు. 31 ఏళ్లు ఇక్కడ ఉండి వెళ్లిన మనిషి, 1826లో పంచతంత్రాన్ని ఫ్రెంచ్‌లో అచ్చేయించాడు. దానికి ముందు పెట్టుకున్న మూడు ప్రతుల్లో ఒకటి తమిళం, ఒకటి కన్నడం. మూడోది తెలుగు.