సైన్యవైద్యుడు లారే

యుద్ధముల చరిత్రను చదువునపుడు గెలిచినవారెవరు, ఓడినవారెవరు, అది యే సంవత్సరమున జరిగెనను ప్రశ్నలనే మనము సాధారణముగా నడుగుచుందుము. ఒకనాడు మా తరగతిలో నొక బాలుడు, గాయపడి నేలకొరిగిన భటులను రణరంగమునుండి యెవరు కొనిపోవుదురని యడిగెను. దీనికి పాఠ్యపుస్తకమున జవాబు లేదు. కాని యొక వైద్యుని జీవితమున నున్నది. దానినే యిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

డొమినిక్ జీన్ లారే 1766వ సంవత్సరము జూలై 8వ తేదీన ఫ్రాన్సు దేశమున, పిరనీసు పర్వతముల చెంతనున్న బోదేయాన్ అను పల్లెయందు జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. పదమూడవ యేట దిక్కులేనివాడైన యీ బాలుని, తూలూజు పట్టణమున శస్త్రవైద్యుడుగా నున్న తండ్రి సోదరుడు చేరదీసి విద్య నేర్పెను. పిమ్మట లారే పారిసు నగరమున దెసో అను ప్రసిద్ధవైద్యుని యొద్ద శిక్షణ పొందెను.

1792లో నతడు రైను నదీప్రాంత సైన్యమున వైద్యుడుగా జేరెను. ఆ కాలమున వైద్యుల బండ్లు పోరాటస్థలమునకు రెండు మైళ్లకు పైగా దూరమున నిలిచి యుండవలెనను నిబంధన యుండెను. యుద్ధము ముగియు వరకు క్షతగాత్రులు పడినచోటనే పడియుండిరి. అనేకులు సహాయమందకయే మరణించిరి. గుఱ్ఱములు లాగు తేలికఫిరంగులు క్షణములో నొకచోటునుండి మఱియొకచోటికి బోవుట లారే చూచెను. చంపు సాధనమున కున్న వేగము బ్రతికించు సాధనమున కేల యుండరాదని యాలోచించి, స్ప్రింగులపై నూగు తేలికబండ్లను జేయించెను. రెండు చక్రముల బండికి రెండు గుఱ్ఱములు, నాలుగు చక్రముల బండికి నాలుగు గుఱ్ఱములు కట్టుచుండిరి. ఫిరంగులు మ్రోగుచుండగనే యవి రణరంగమునకు బోయెడివి. ఈజిప్టు దండయాత్రలో నిసుకనేలపై బండ్లు సాగనందున ఒంటెల కిరుప్రక్కల పెట్టెలమర్చి రోగులను మోయించెను.

మఱియొక నియమమును గూడ నతడు నెలకొల్పెను. సేనాని యైనను సామాన్యభటుడైనను, స్వదేశీయుడైనను శత్రువైనను, ఎక్కువ గాయపడినవానికే ముందు చికిత్స చేయవలెను. 1812లో రష్యాదేశమున బొరొదినో యుద్ధమున నతడు 24 గంటలలో సుమారు 200 మందికి అవయవచ్ఛేదనము చేసెను. మత్తుమందు లేని యా దినములలో వైద్యుని చేతివేగమే రోగికి దయ. ఆ సైన్యము తిరిగి వచ్చునపుడు బెరెజినా నది వంతెనపై త్రొక్కిసలాటలో జిక్కిన లారేను భటులు గుర్తించి, చేతులమీదుగా నందించుకొనుచు ఆవలి యొడ్డునకు జేర్చిరి.

ఆయన ధైర్యమునకు గొప్పపరీక్ష 1813లో వచ్చెను. బౌట్జెన్ యుద్ధానంతరమున వేలకొలది పడుచుభటులు చేతులకు, వ్రేళ్లకు గాయములతో వచ్చిరి. సేవ దప్పించుకొనుటకై తమ్ము దామే కాల్చుకొనిరని నెపోలియను చక్రవర్తి విశ్వసించి, కఠినశిక్ష విధింప నుద్దేశించెను. లారే 2,600 మందికి పైబడిన భటుల నొక్కొక్కరినే పరీక్షింపజేసెను. శిక్షణ చాలని వెనుకవరుసవారు ముందువారి భుజములమీదుగా కాల్చుటచేతను, తుపాకులెత్తి కొండనెక్కునపుడు చేతులే శత్రువునకు గుఱి యగుటచేతను గాయములు కలిగెనని నిరూపించెను. చక్రవర్తి కినుక వహించునని తెలిసియు సత్యమునే నివేదించెను. చక్రవర్తియు నాగ్రహింపక, వజ్రములు పొదిగిన తన చిత్రమును, వార్షికభృతిని ఆయన కిచ్చెను. భటులు నిర్దోషులైరి.

1815లో వాటర్లూ వద్ద ప్రష్యనులు లారేను బంధించి కాల్చిచంప నుద్యమించిరి. ఒక వైద్యుడాయనను గుర్తింపగా, పూర్వము లారేచే చికిత్స పొందిన కుమారునికి తండ్రియగు బ్లూషరు సేనాని విడిపించెను. నెపోలియను తన మరణశాసనమున లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసెను. ఆయన 1842 జూలై 25వ తేదీన లియాను నగరమున కాలధర్మము నొందెను. 1992లో ఆయన యస్థికలు పారిసులోని ఇన్వాలీద్ భవనమునకు జేర్పబడినవి.

లారే యుద్ధముల నాపలేదు. ఆయన సేవించిన చక్రవర్తియే పెక్కుయుద్ధములకు గారకుడు. ఈ సంగతిని మేము మఱుగుపఱచము. అయినను నోరులేని సామాన్యుల ప్రాణములకై అధికారి యెదుట నిజము పలుకుట యెంతటి వీరత్వమో, ఆ బాలుని ప్రశ్న మూలమున మేమును నేర్చుకొంటిమి.