మారిస్ స్టోక్స్: ఆట ముగిసిన పిమ్మట

అమెరికా దేశంలో వృత్తి క్రీడాకారుల బాస్కెట్ బాల్ పోటీలు నెలల తరబడి సాగుతవి. జట్లన్నీ ఒకదానితో ఒకటి పలుమార్లు తలపడి, గెలుపోటముల లెక్క తేలిన తరువాత, ముందు నిలిచిన జట్ల మధ్య మరొక పోరు ఆరంభమవుతుంది. దానినే ప్లేఆఫ్స్ అంటారు. అంతవరకు ఆడిన ఆటలన్నీ ఈ పోరుకు అర్హత సంపాదించుకొనడానికే; ఆ ఏటి విజేత ఎవరన్నది తేలేది ఇక్కడనే. 1958 లో ఆ లీగులో ఉన్నవి ఎనిమిదే జట్లు. తూర్పున నాలుగు, పడమట నాలుగు. ఒక్కొక్క జట్టు 72 ఆటలు ఆడవలె. ప్రతి విభాగంలోను కడపటి జట్టు ఇంటికి పోగా, రెండవ స్థానంలోని జట్టు, మూడవ స్థానంలోని జట్టు మూడు ఆటల పందెంలో ఎదురుపడేవి. రెండు గెలిచినది నిలుస్తుంది. రెండు ఓడినది ఆ ఏటికి సెలవు పుచ్చుకొంటుంది. ఇంత పొట్టి పందెంలో ముఖ్యుడైన ఆటగాడు ఒక్కనాడు లేకపోయినా ఏడాది శ్రమ అంతా నీళ్ళపాలే.

ఆ సంవత్సరం మార్చి 15 న డెట్రాయిట్ నగరంలో అట్టి పందెపు మొదటి ఆట జరిగినది. సిన్సినాటి రాయల్స్ జట్టు పక్షాన ఆనాడు ఆడిన మారిస్ స్టోక్స్‌కు ఇరవైనాలుగేండ్ల వయస్సు. అతడు ఆడిన కడపటి ఆట అదే.

స్టోక్స్ 1933 జూన్ 17 న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రాంకిన్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. పిట్స్‌బర్గ్ నగరానికి ఆనుకొని, ఉక్కు కర్మాగారాల పొగ నిత్యమూ కమ్ముకొని ఉండే ప్రాంతమది. తండ్రి ఉక్కు కర్మాగారంలో కూలి. తల్లి పరుల ఇండ్లలో పనిచేసేది. నల్లజాతి కుటుంబం. మారిస్‌కు ఒక కవల సోదరి, ఇద్దరు అన్నదమ్ములు. అతనికి ఎనిమిదేండ్లు ఉన్నప్పుడు కుటుంబం పిట్స్‌బర్గ్‌లోని హోమ్‌వుడ్ పేటకు తరలివచ్చినది. అచ్చటి వెస్టింగ్‌హౌస్ ఉన్నత పాఠశాల జట్టు 1950, 1951 సంవత్సరాలలో నగర విజేతగా నిలిచినప్పుడు అతడు ఆ జట్టులో ఉన్నాడు.

పిమ్మట అతడు చేరినది పేరుమోసిన విశ్వవిద్యాలయం కాదు. పెన్సిల్వేనియా కొండలలో లొరెట్టో అనే గ్రామంలో ఫ్రాన్సిస్కన్ సన్న్యాసులు నడిపే సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల అది. ఆ కళాశాల పేరు దేశమంతటా వినిపించినదంటే అందుకు ముఖ్య కారణం స్టోక్సే. 1955 లో ఆ జట్టు న్యూయార్కులో జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలకు వెళ్ళి నాలుగవ స్థానంలో నిలిచినది. నాలుగవ స్థానపు జట్టులోని ఆటగానికి పోటీలన్నిటిలో ఉత్తమ క్రీడాకారుడన్న గౌరవం దక్కడం అరుదు. అది స్టోక్స్‌కు దక్కినది. సెమీఫైనల్‌లో డేటన్ జట్టు చేతిలో ఓడిన ఆటలో అతడు ఒక్కడే 43 పాయింట్లు చేసినాడు. మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో ఆ జట్టును ఓడించినది సిన్సినాటి విశ్వవిద్యాలయం. ఆ ఎదుటి జట్టులో జాక్ ట్వైమన్ అనే తెల్లజాతి యువకుడు ఉన్నాడు. అతడు స్టోక్స్ కంటె ఒక ఏడు చిన్న. అతనిదీ పిట్స్‌బర్గే, పెరిగిన ఊరు ఒక్కటే, చదివిన బడులు వేరు. ఆ ఏడే రాచెస్టర్ రాయల్స్ అనే వృత్తి జట్టు వీరిరువురినీ ఎంచుకొన్నది.

స్టోక్స్ ఆటతీరును గురించి కొంత చెప్పవలె. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, నూరు కిలోలకు పైబడిన బరువు. ఆ కాలంలో అంతటి దేహం గలవారు బుట్ట క్రింద నిలిచి, గురి తప్పి తిరిగివచ్చిన బంతిని అందుకొనే పనికే పరిమితులు. దానినే రీబౌండ్ అంటారు. స్టోక్స్ బంతిని అందుకొని ఊరకుండేవాడు కాదు. తానే దానిని నేలపై తట్టుకొంటూ ఆటస్థలం ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తి, అదను చూచి తోటివానికి అందించేవాడు. భారీ మనిషిలో చిన్నవాని చురుకుదనం ఉండడం చూపరులకు వింత. తొలి ఆటలోనే అతడు 32 పాయింట్లు చేసి 20 రీబౌండ్లు పట్టినాడు. మొదటి ఏడు ముగిసేసరికి లీగులోని కొత్తవారందరిలో ఉత్తముడని గుర్తింపు వచ్చినది. రెండవ ఏట అతడు పట్టిన రీబౌండ్లు 1,256. అంతవరకు ఆ లీగులో ఎవరూ అన్ని పట్టి ఉండలేదు. మూడవ ఏట రీబౌండ్లలో లీగంతటికీ రెండవవాడు, బంతి అందించి తోటివారిచేత పాయింట్లు చేయించడంలో మూడవవాడు. ఈ రెండు విద్యలూ ఒక్కనిలో కలిసి ఉండడమే అతని ప్రత్యేకత. మూడేండ్లు ఆడినాడు, మూడేండ్లూ లీగు ప్రముఖుల ఆటకు ఎంపికైనాడు.

1957 లో రాయల్స్ జట్టు రాచెస్టర్ విడిచి సిన్సినాటి నగరానికి మారినది. ఆ ఏటి చివరకు 33 గెలిచి 39 ఓడిన రాయల్స్‌కు, అంతే గెలిచి అంతే ఓడిన డెట్రాయిట్ పిస్టన్స్‌కు ప్లేఆఫ్స్‌లో తొలి పందెం నిశ్చయమైనది.

మార్చి 12 న మిన్నియాపొలిస్‌లో రాయల్స్ తమ కడపటి లీగు ఆట ఆడినారు. బుట్టవైపు దూసుకుపోతున్న స్టోక్స్ ఎదుటివాని తాకిడికి పైనుండి క్రిందపడినాడు. తల నేలకు కొట్టుకొన్నది. కొన్ని నిమిషాలు స్పృహ లేదు. ఘాటైన ఔషధం వాసన చూపి లేవనెత్తినారు. లేచినాడు; మరల ఆటలోకి వెళ్ళినాడు. ఇది చదివి నేటివారు ఆశ్చర్యపడవచ్చును. ఆనాటి జట్లతో వైద్యులు ప్రయాణం చేసేవారు కారు. తలదెబ్బ తిన్న ఆటగాడిని పరీక్షించి, వైద్యుడు అనుమతించనిదే ఆటకు దింపరాదన్న నిబంధనలను ఆ లీగు ఏర్పరచుకొన్నది 2011 లో. పడిన కుర్రవాడు లేచి నిలబడినాడంటే ఆరోగ్యవంతుడే అని నాటి లెక్క.

మూడు దినాలు గడచినవి. డెట్రాయిట్‌లో స్టోక్స్ 12 పాయింట్లు చేసినాడు, 15 రీబౌండ్లు పట్టినాడు. మరొకనికైతే మంచి ఆటే. అతనికి మాత్రం కాదు. రాయల్స్ ఓడినారు. ఆ రాత్రి సిన్సినాటికి తిరిగివచ్చే విమానంలో అతనికి వాంతులు, చెమటలు పట్టినవి. తాను చనిపోబోతున్నట్లున్నదని ప్రక్కవారితో చెప్పుకొన్నాడు. అంతలోనే మూర్ఛ వచ్చినది. విమానంలోని సేవకురాలు ప్రాణవాయువు అందించి నిలబెట్టినది. దిగీదిగగానే, ఓహియో నదికి ఆవలి ఒడ్డున కెంటకీ రాష్ట్రపు కోవింగ్టన్‌లో ఉన్న ఆసుపత్రికి చేర్చినారు. మెదడువాపు జబ్బు అని తొలుత అనుకొన్నారు. తల నేలకు తగిలినప్పుడు మెదడులో అవయవాలను కదిలించే భాగం దెబ్బతిన్నదని తరువాత తేలినది.

మరునాడు, అతడు ఆసుపత్రిలో స్పృహ లేక పడి ఉండగానే, సిన్సినాటిలో పందెపు రెండవ ఆట జరిగినది. రాయల్స్ మళ్ళీ ఓడినారు. వారి ఆట ఆ ఏటికి ముగిసినది. పోటీలు మాత్రం ఆగలేదు. పిస్టన్స్‌ను సెయింట్ లూయీ హాక్స్ ఓడించినది, ఆ హాక్స్ బోస్టన్ సెల్టిక్స్‌ను నాలుగు ఆటలకు రెండు ఆటల తేడాతో జయించి విజేతగా నిలిచినది. చివరి ఆటలో బాబ్ పెట్టిట్ చేసిన 50 పాయింట్లు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఓడిన జట్టులోని ఆటగాళ్ళు ఎప్పటివలె వేసవికి తమ తమ ఊళ్ళకు వెళ్ళిపోయినారు.

స్టోక్స్‌కు స్పృహ వచ్చినది. కాని కాలు కదలదు, చేయి కదలదు, నోట మాట లేదు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. అందరినీ గుర్తించేవాడు, అన్నీ అర్థం చేసుకొనేవాడు. తనకేమి కావలెనో చెప్పలేడు. చికిత్సకు ఏడాదికి సుమారు లక్ష డాలర్లు అవసరమైనవి. ఆనాటి క్రీడాకారులకు లీగు తరఫున ఆరోగ్య బీమా లేదు, పింఛను లేదు. బ్యాంకులో స్టోక్స్ సొంత సొమ్ము కొంత ఉన్నది. సంతకం చేయలేనివాడు దానిని ఎట్లు తీయగలడు? తల్లిదండ్రులు పిట్స్‌బర్గ్‌లోని శ్రమజీవులు. ఆ వేసవిలోనే జట్టు యాజమాన్యం కూడ చేతులు మారినది.

ఊళ్ళో మిగిలినది జాక్ ట్వైమన్. సిన్సినాటిలో కాపురం, ఆట లేని నెలలలో బీమా వ్యాపారంలో ఉద్యోగం. అంతకు పూర్వం వీరిరువురూ ప్రాణస్నేహితులేమీ కారు, ఒక జట్టువారు మాత్రమే. నల్లజాతి ఆటగాళ్ళకు ఆ లీగులో ప్రవేశం లభించి అప్పటికి ఎనిమిదేండ్లే అయినది. ఆటకై వెళ్ళిన ఊళ్ళలో తోటివారికి తావిచ్చిన హోటళ్ళు వారికి తలుపు మూసిన రోజులవి. ఎవరో ఒకరు పూనుకొనవలె, అక్కడ ఉన్నది తానే గదా అన్నంత సామాన్యంగా ట్వైమన్ ఆ భారం నెత్తికెత్తుకొన్నాడు. న్యాయస్థానానికి వెళ్ళి స్టోక్స్‌కు చట్టరీత్యా సంరక్షకుడైనాడు. అప్పటికి అతనికి ఇరవైనాలుగేండ్లు, పైగా సంసారి.

అతడు చేసిన పనులలో మొదటిది దానం అడగడం కాదు. పనిలో గాయపడిన కార్మికులకు ఓహియో రాష్ట్రం ఇచ్చే పరిహారం స్టోక్స్‌కు కూడ ఇవ్వవలెనని వాదించి సాధించినాడు. బాస్కెట్ బాల్ ఆడేవాడు కూడ పనివాడేనని, ఆటలో తగిలిన దెబ్బ కర్మాగారంలో తగిలిన దెబ్బవంటిదేనని దీనికి అర్థం. ఉక్కు కూలివాని కొడుకు విషయంలో ఈ మాట మరింత పొసగినది. అయినా ఆ పరిహారం చాలలేదు.

మిగిలిన డబ్బుకు ఒక మార్గం దొరికినది. న్యూయార్కు రాష్ట్రంలో మాంటిసెల్లో వద్ద కొండలలో కట్షర్స్ అనే విడిది ఉండేది. దాని యజమాని మిల్టన్ కట్షర్, ట్వైమన్ కలిసి 1958 వేసవిలో స్టోక్స్ సహాయార్థం ఒక ఆట ఏర్పాటు చేసినారు. లీగులోని గొప్ప ఆటగాళ్ళు ప్రతిఫలం తీసుకొనకుండ వచ్చి ఆడినారు. తరువాత ఏటేటా అది జరిగినది. ఏడు అడుగులకు పైబడిన విల్ట్ చేంబర్లిన్ ఆ ఆటలకు వచ్చేవాడు. అతడు బడిలో చదివే రోజులలో వేసవి సెలవులలో అదే విడిదిలో అతిథుల సామాను మోసినవాడు. ఏడాదంతా ఒకరినొకరు త్రోసుకొని ఆడినవారు, పోటీలన్నీ ముగిసిన తరువాత, పందెం లేని ఈ ఒక్క ఆటకు ఒకచోట చేరేవారు.

ఆసుపత్రిలో స్టోక్స్ సంగతి వేరు. మొదట్లో అతనికి మిగిలినది కనురెప్ప ఒక్కటే. ట్వైమన్ అక్షరమాల వరుసగా చదివేవాడు; కావలసిన అక్షరం రాగానే స్టోక్స్ రెప్ప ఆర్పేవాడు. అట్లు అక్షరం వెంట అక్షరం కూర్చి మాట, మాట వెంట మాట కూర్చి సంభాషణ. ఉపాధ్యాయులకు ఈ చిత్రం సుపరిచితంగా తోచవచ్చును. ఓనమాలు దిద్దించడంలోని ఓర్పు అందులో ఉన్నది. క్రమంగా ఏండ్ల తరబడి వ్యాయామం చేసి, వ్రేళ్ళు కదిలించనేర్చినాడు. టైపు యంత్రంపై ఒక్కొక్క అక్షరమే నొక్కి తొలుత వ్రాసిన లేఖలలో ట్వైమన్‌కు కృతజ్ఞత చెప్పుకొన్నది ఒకటి. బొమ్మలకు రంగులు వేయడం అభ్యసించినాడు. తడబడుతూ కొన్ని మాటలు పలికేవాడు. సెలవుదినాలలో ట్వైమన్ ఇంటికి భోజనానికి వెళ్ళేవాడు. ఆ ఇంటి పిల్లలకు అతడు ఇంటి మనిషివంటివాడు.

ఈ పన్నెండేండ్లలో అధిక భాగం ట్వైమన్ ఆడుతూనే ఉన్నాడు. 1959-60 లో ఆటకు సగటున 31.2 పాయింట్లు చేసినాడు. ఒక ఏడంతా ముప్పదికి మించిన సగటు నిలిపినవారు అంతకు ముందు లేరు. ఆ ఏడు అతడు, చేంబర్లిన్ ఇద్దరే. అంతటి ఆటగాడు ఆసుపత్రి బిల్లులకు సమాధానాలు వ్రాసుకొంటూ ఆడినాడన్నది జ్ఞాపకముంచుకొనవలె. స్టోక్స్ లేని మరుసటి ఏడు రాయల్స్ 72 ఆటలలో 19 మాత్రమే గెలిచినారు. 1960 లో ఆస్కార్ రాబర్ట్‌సన్ చేరిన పిమ్మట జట్టు పుంజుకొన్నది. 1963 ప్లేఆఫ్స్‌లో తూర్పు విభాగపు తుది పందెంలో, వరుసగా విజేతలవుతున్న బోస్టన్ జట్టును ఏడవ ఆట దాకా లాగినది. ఆ ఏడవ ఆటలో బుట్ట క్రింద స్టోక్స్ ఉండి ఉంటే అన్న ఊహ ఆనాటి సిన్సినాటి వారికి సహజం. ఊహ కనుక దానిని అంతటితో విడువవలె. మరుసటి ఏడు, 1964 జనవరిలో, బోస్టన్‌లో ప్రముఖుల ఆటకు వచ్చిన క్రీడాకారులు పింఛను ఏర్పాటు చేయనిదే ఆడమని గదిలో కూర్చున్నారు. లీగు ఒప్పుకొన్నది.

1970 ఏప్రిల్ 6 న స్టోక్స్ గుండెపోటుతో మరణించినాడు. ముప్పది ఆరేండ్లు. అతని కోరిక ప్రకారం లొరెట్టోలో, తాను చదివిన కళాశాల ఆవరణలో, సన్న్యాసుల సమాధుల నడుమ ఖననం చేసినారు. 1973 లో వీరిరువురి కథ చలనచిత్రంగా వచ్చినది. రాయల్స్ జట్టు తరువాత కాన్సస్ సిటీకి, అక్కడనుండి 1985 లో సాక్రమెంటోకు తరలిపోయినది.

ట్వైమన్ పని అప్పటికీ ముగియలేదు. 1983 లో బాస్కెట్ బాల్ కీర్తిమందిరంలో అతనికి చోటు దక్కినది. స్టోక్స్ ఆడినది మూడేండ్లే గదా అన్న సందేహం వల్ల కాబోలు, అతని పేరు వెనుకబడి ఉండిపోయినది. ట్వైమన్ విడువక అడుగుతూ వచ్చినాడు. మరి ఇరవైయొక్క ఏండ్లకు, 2004 లో, స్టోక్స్‌ను ఆ మందిరంలో చేర్చినారు. అతని పక్షాన వేదికనెక్కి గౌరవాన్ని స్వీకరించినది డెబ్బదేండ్ల ట్వైమన్. అతడు 2012 మే 30 న మరణించినాడు. ఆ మరుసటి ఏటినుండి లీగు తోటి ఆటగాళ్ళ మేలు కోరే క్రీడాకారునికి ఒక పురస్కారం ఇస్తున్నది. దాని పేరులో ట్వైమన్, స్టోక్స్ ఇద్దరూ ఉన్నారు.